కంచు రంగు జాలీ వెనుక కమ్మరి చేతులు: వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం బయటి తెరపై తరచుగా అడిగే ప్రశ్నలు

వాషింగ్టన్ నగరానికి మా ఇల్లు గంట ప్రయాణం. వేసవి వస్తే చాలు, ఊరినుంచి ఎవరో ఒకరు వస్తారు. మేనమామలు, స్నేహితుల తల్లిదండ్రులు, ఏదో పెళ్లిలో పరిచయమైన దూరపు చుట్టాలు. వైట్ హౌస్, కాపిటల్ భవనం, లింకన్ విగ్రహం చూపించి, చివరికి వాషింగ్టన్ స్మారక స్తంభం నీడలో కాసేపు కూర్చోబెడతాను. అప్పుడు ఎవరో ఒకరు ఈశాన్యం వైపు వేలు చూపించి అడుగుతారు: "గంపలు పేర్చినట్టున్న ఆ ముదురు రంగు కట్టడం ఏమిటి?"

ఆ కట్టడం గురించి ఇన్నేళ్లలో నన్ను అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాసి పెడుతున్నాను. కొన్నిటికి జవాబు పొడుగవుతుంది. మా తాతయ్య కమ్మరి. నాగలి కర్రులు, కొడవళ్లు, బండి చక్రాల పట్టాలు చేసిన చేతులు ఆయనవి. అందుకే ఈ భవనం ముందు నిలబడితే నేను తొందరగా కదలలేను.

ఇంతకీ అది ఏ భవనం?

ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియం. స్మిత్సోనియన్ సంస్థ నడుపుతుంది. 2016 సెప్టెంబరు 24న అప్పటి అధ్యక్షుడు ఒబామా ప్రారంభించారు. నల్లజాతి పౌరుల సేవలకు రాజధానిలో ఒక గుర్తు ఉండాలని అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు 1915లోనే అడిగారు. చట్టం రావడానికి 2003 దాకా పట్టింది. అంటే కోరిక పుట్టిన తర్వాత తలుపులు తెరుచుకోవడానికి నూరేళ్లు దాటింది.

డిజైన్ పోటీలో 2009లో గెలిచింది నాలుగు సంస్థల బృందం. ప్రధాన రూపకర్త డేవిడ్ అజాయే, ఘనా దంపతులకు టాంజానియాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన ఆర్కిటెక్ట్. ఫిల్ ఫ్రీలన్, మాక్స్ బాండ్ అనే ఇద్దరు నల్లజాతి అమెరికన్ ఆర్కిటెక్టులు ఆయనకు తోడు. ఫలితం వెలువడకముందే, అదే ఏడాది ఫిబ్రవరిలో బాండ్ కన్నుమూశారు.

బయట కనిపిస్తున్నది గోడా, జాలీయా?

జాలీయే. అసలు గోడ దాని లోపల ఉన్న అద్దం. ఆ అద్దపు పెట్టె చుట్టూ కొంత ఎడంగా, ఉక్కు చట్రానికి 3,600 పలకలు బిగించారు. ప్రతి పలకా అల్యూమినియం పోత. అన్నీ కలిపి 230 టన్నుల బరువు. లెక్క వేస్తే ఒక్కో పలక సగటున 60 కిలోలకు కాస్త అటూ ఇటూ వస్తుంది. దూరంనుంచి గరుకు గుడ్డలా కనబడుతుంది. రోడ్డు దాటి దగ్గరికి వస్తే గుడ్డలోంచి తీగలు, వంపులు, రెక్కలు బయటపడతాయి.

ఆ మూడు అంతస్తుల ఆకారానికి అర్థం ఉందా?

ఉంది. నైజీరియాలో యోరుబా ప్రజల రాజగృహాల వసారాల్లో చెక్కతో చెక్కిన స్తంభాలు ఉండేవి. మనిషి బొమ్మ నెత్తిమీద కిరీటం, దానిమీద ఇంటి బరువు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఇసే ఊరి ఓలోవే అనే శిల్పి అలాంటి స్తంభాలు చెక్కి పేరు తెచ్చుకున్నాడు. ఆ కిరీటమే ఈ భవనానికి మూల రూపం. అందుకే దీన్ని 'కరోనా', అంటే కిరీటం అంటారు. మహమ్మారికి ముందు పెట్టిన పేరు కనుక ఆ మాట వినగానే ఉలిక్కిపడనక్కర లేదు.

ఇంకో సంగతి. జాలీ పైకి పోయేకొద్దీ బయటికి వాలి ఉంటుంది కదా, ఆ వాలు 17 డిగ్రీలు. పక్కనున్న వాషింగ్టన్ స్తంభం కొసరాయి వాలు కూడా అంతే. ఒకటి పైకి సన్నబడుతుంది, ఇంకొకటి పైకి విచ్చుకుంటుంది. రెండింటినీ ఒకే చూపులో పట్టే చోట నిలబడితే ఈ చుట్టరికం తెలుస్తుంది. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ తానే బానిసల యజమాని. ఆయన స్తంభం పక్కన ఈ కిరీటాన్ని అదే వాలుతో నిలబెట్టడం చాలా ఆలోచించి చేసిన పని అని నా నమ్మకం.

జాలీలోని ఆ తీగలూ పువ్వులూ ఎక్కడివి? ఆఫ్రికావా?

ఆకారం ఆఫ్రికాది, అల్లిక అమెరికాది. దీన్ని కలగలిపేస్తే భవనం చెప్పే కథ సగం పోతుంది.

అమెరికా దక్షిణాదిలో చార్ల్‌స్టన్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి పాత ఇళ్ల ముందు ఇనుప గేట్లు, మెట్ల పక్కన పిట్టగోడ మీది కటకటాలు, బాల్కనీ అంచులు చూస్తే మతి పోతుంది. న్యూ ఆర్లియన్స్‌లోనూ అంతే. ఆ పనిలో చాలా భాగం బానిసలుగా ఉన్న నల్లజాతి కమ్మరులది, కొంత స్వేచ్ఛ పొందిన నల్లజాతి కమ్మరులది. మ్యూజియం రూపకర్తలు ఆ ఊళ్ల పాత ఇనుప పనిలోని వంపులను తీసుకుని, కంప్యూటర్‌లో సరళం చేసి, పలకలుగా మార్చారు. అందుకే ఫలానా గేటు ఇదిగో అని చూపించలేం. కానీ చార్ల్‌స్టన్ వీధుల్లో ఒక పూట తిరిగి వచ్చినవారికి ఇది పరిచయమైన ముఖంలా అనిపిస్తుంది.

ఆ వంపు ఎలా వస్తుందో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. గేటు మీద చిన్న చుట్ట ఒకటి ఊహించుకోండి. పల్లెల్లో నత్తగుల్లలా ఉందంటారే, అలాంటిది. ఇనుప కమ్మీ కొసను కొలిమిలో పెట్టి తిత్తి ఊదుతారు. ఎరుపు దాటి నారింజ రంగుకు రాగానే పట్టకారుతో తీసి దాగలి అనే ఇనుప దిమ్మ మీద కొసను పల్చగా సాగగొడతారు. మళ్లీ కొలిమి. ఈసారి దాగలి కొమ్ము మీద ఆన్చి సుత్తితో మెల్లగా ఒరగదీస్తూ చుడతారు. నాలుగైదు దెబ్బలకే ఇనుము నల్లబడి మొండికేస్తుంది. మళ్లీ కొలిమి. ఒక్క చుట్టకు ఎన్నిసార్లు కాల్చాలో కమ్మరి కంటికే తెలియాలి. ఇంకా కష్టం ఏమిటంటే, గేటుకు కుడివైపు చుట్టకు జోడుగా ఎడమవైపు చుట్ట అద్దంలో ప్రతిబింబంలా రావాలి. రెండు చుట్టలు కలిసే చోట ఎర్రగా కాల్చిన చిన్న పట్టీ చుట్టి బిగిస్తారు. చల్లారేకొద్దీ ఆ పట్టీ తనంతట తానే ముడుచుకుని పట్టు బిగుస్తుంది. బండి చక్రానికి పట్టా ఎక్కించేటప్పుడు మా తాతయ్య చేసిందీ ఇదే. కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తే బుస్సుమని పొగ లేచేది, చెక్క కిర్రుమనేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. న్యూ ఆర్లియన్స్ బాల్కనీల మీద లేసులా కనిపించే ఇనుప పనిలో చాలా భాగం 1850 తర్వాత వచ్చిన పోత ఇనుము, కర్మాగారాల్లో అచ్చుల్లో పోసింది. అంతకు ముందటిది కొలిమిలో కొట్టి తీర్చినది. చూసిన ప్రతి రెయిలింగునూ బానిసల చేతిపని అనేయడం ఆ పనిమంతులకు గౌరవం తెచ్చిపెట్టదు.

బానిసలే చేశారని ఎలా తెలుసు? సంతకాలు ఉన్నాయా?

సంతకాలు లేవు. ఆస్తుల జాబితాల్లో, అమ్మకపు ప్రకటనల్లో, పారిపోయిన బానిసల కోసం పత్రికల్లో వేసిన ప్రకటనల్లో ఆధారాలు ఉన్నాయి. మనిషి పేరు పక్కన 'కమ్మరి' అని రాసి, ధర ఎక్కువ కట్టేవారు. పని తెలిసిన బానిసను యజమానులు ఇతరులకు అద్దెకిచ్చి, కూలి డబ్బు తాము తీసుకునేవారు.

చార్ల్‌స్టన్‌లో ఈ అద్దె వ్యవహారానికి నగరపాలక సంస్థ బిళ్లలు కూడా పెట్టింది. అరచేతిలో ఇమిడే రాగి బిళ్ల. పైన చిన్న రంధ్రం, తాడు కట్టుకోవడానికో బట్టకు కుట్టుకోవడానికో. దానిమీద ఊరి పేరు, సంవత్సరం, వరుస సంఖ్య, పని. 'నౌకరు' అనో, 'కూలి' అనో, చేతిపనులవారికైతే 'మెకానిక్' అనో గుద్ది ఉండేది. ఏటా డబ్బు కట్టి కొత్త బిళ్ల తీసుకోవాలి, ఆ డబ్బు కట్టేది యజమాని. అలాంటి బిళ్లలు కొన్ని ఈ మ్యూజియం సేకరణలో ఉన్నాయి.

మొదటిసారి అలాంటి బిళ్లను చూసినప్పుడు నేను రెండుసార్లు వెతికాను, మూడోసారీ వెతికాను. ఊరు ఉంది, ఏడాది ఉంది, అంకె ఉంది, పని ఉంది. మనిషి పేరు లేదు. బయటికి వచ్చి తల ఎత్తి ఆ జాలీని చూసినప్పుడు, పేరు రాయని ఆ చేతుల పనిని భవనం ముఖం మీదే పెట్టారని అర్థమైంది. మ్యూజియం లోపల ఒక అల్మరాలో ఒక గేటు పెట్టి కింద చీటీ రాస్తే సరిపోయేది. అలా చేయలేదు. రాజధాని నడిబొడ్డున, పాలరాతి కట్టడాల మధ్య, వచ్చేపోయే ప్రతివారి కంటా పడేలా పెట్టారు.

చార్ల్‌స్టన్‌లో కత్తుల గేటు అని ప్రసిద్ధమైనది ఒకటుంది. అది క్రిస్టఫర్ వెర్నర్ అనే జర్మన్ వలసదారు దుకాణంలో తయారైంది. పేరు ఆయనదే నిలిచింది. కానీ ఆయన కొలిమి దగ్గర బానిసలైన నల్లజాతి కమ్మరులూ పనిచేశారు. దుకాణం పేరు వేరు, సుత్తి పట్టిన చేయి వేరు అన్నది గుర్తుంచుకుంటే చాలు.

పేరు తెలిసినవారు ఒక్కరూ లేరా?

ఉన్నారు. నేను ఇద్దరి గురించి చెబుతాను.

ఒకరు గేబ్రియల్. వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర బానిసగా ఉన్న కమ్మరి. 1800లో పెద్ద తిరుగుబాటుకు పథకం వేశాడు. కొడవళ్లను విరిచి కత్తులు చేశారు. భారీ వర్షం, ఆపై సమాచారం బయటికి పొక్కడంతో పథకం విఫలమైంది. అక్టోబరులో ఉరితీశారు. అద్దెకు ఊరూరా తిరిగి పనిచేసే కమ్మరికి లోకం తెలుస్తుంది, నలుగురితో మాట కలుస్తుంది. యజమానులకు ఆ పనితనం కావాలి, ఆ తిరుగుడంటే భయం.

రెండోవారు ఫిలిప్ సిమన్స్. 1912లో పుట్టి 2009లో చనిపోయారు, కాబట్టి ఆయన బానిసగా లేరు. చార్ల్‌స్టన్‌లో పదమూడేళ్ల వయసులో పీటర్ సిమన్స్ అనే వృద్ధుడి కొలిమిలో పని నేర్చుకోవడానికి చేరారు. ఇంటిపేరు ఒకటే అయినా చుట్టరికం లేదు. ఆ గురువు మాత్రం బానిసగా పుట్టినవారు. అంటే ఒక తరం చేయి ఇంకో తరం చేతికి సుత్తిని నేరుగా అందించింది. ఫిలిప్ మొదట గుర్రపు నాడాలు, బండి పనులు చేశారు. మోటారు వాహనాలు వచ్చి ఆ పని తగ్గిపోతే 1938 ప్రాంతంలో అలంకార గేట్ల వైపు మళ్లారు. తర్వాత చార్ల్‌స్టన్ నిండా ఐదువందలకు పైగా గేట్లు, కంచెలు, కటకటాలు ఆయన చేతిమీదుగా లేచాయి. 1976లో వాషింగ్టన్ జానపద ఉత్సవంలో జనం చూస్తుండగా నక్షత్రం, చేప ఉన్న గేటు చేసి చూపించారు. దాన్ని స్మిత్సోనియన్ తీసుకుంది. 1982లో జాతీయ వారసత్వ పురస్కారం వచ్చింది.

నాడాల పని పోయినా కొలిమి ఆరనివ్వని మనిషి అని చెప్పినప్పుడు మా పెద్దమ్మ చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. మా తాతయ్య కొలిమి ట్రాక్టర్లు వచ్చిన తర్వాత ఆరిపోయింది.

ఇనుమును గౌరవించే జాలీని ఇనుముతో చేయకుండా అల్యూమినియంతో ఎందుకు చేశారు?

మొదట అనుకున్నది అసలైన కంచు. బరువు, ఖర్చు, నిర్వహణ చూసి అల్యూమినియం పోతకు మారారు. అల్యూమినియం సాంద్రత 2.7, కంచుది సుమారు 8.8. ఇప్పుడు 60 కిలోలున్న పలక కంచుతో చేస్తే 190 కిలోలు దాటుతుంది. అలాంటి 3,600 పలకలను బయటికి వాలిన చట్రానికి వేలాడదీయాలంటే చట్రం బరువూ అంతకంతకూ పెరుగుతుంది. పైగా కంచు వాన నీటికి పచ్చబడి, మరకలు కిందికి కారతాయి.

అయితే కంచులా రంగు వేయడం నకిలీ కాదా?

ఇది నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిన ప్రశ్న. రాజధాని కట్టడాల అందచందాలను పరిశీలించే లలితకళల సంఘం కూడా ఈ మార్పు మీద అసంతృప్తి చూపింది. నమూనా పలకలు తెప్పించి, ఆరుబయట ఎండలో నిలబెట్టి, పూతలు మార్చి మార్చి చూశారు. చివరికి ఒప్పుకున్న పూత ఒకే రంగులో చదునుగా ఉండదు. వెలుగు పడే కోణాన్నిబట్టి మారుతుంది. మబ్బు పట్టిన రోజున దాదాపు కాఫీ గింజ రంగు. సాయంత్రం పడమటి ఎండలో కొత్తగా తోమిన ఇత్తడి చెంబు.

నా అభిప్రాయం అడిగితే, అసలు కంచే ఉంటే బాగుండేది. లోహానికి వయసు రావడం కంటికి కనబడేది. కానీ ఇది పల్చని రేకును యంత్రంతో కోసినది కాదు, పోత పోసినది. పలక అంచుకు మందం ఉంది, తీగకు ఒంపు ఉంది, నీడ పడుతుంది. ఆ ఒక్కటి వదులుకుని రేకుకు దిగి ఉంటే మాత్రం నేను క్షమించేవాణ్ని కాను.

వాషింగ్టన్‌లో మంచూ ఎండా రెండూ ఎక్కువే కదా, పలకలు ఎలా తట్టుకుంటాయి?

అల్యూమినియం వేడికి బాగా సాగే లోహం. మీటరు పొడవు పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. శీతకాలపు రాత్రికీ ఎండాకాలపు మధ్యాహ్నానికీ లోహం మీద అంతకు మించిన తేడా ఉంటుంది. అందుకే ఇలాంటి జాలీల్లో పలకకూ పలకకూ మధ్య సందు వదులుతారు, మేకు రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా కోలగా తొలుస్తారు. అల్యూమినియం, ఉక్కు నేరుగా ఆనుకుని తడిస్తే అల్యూమినియాన్ని తుప్పు తొందరగా తినేస్తుంది. మధ్యలో వేరుపరిచే పొర వేయాలి. మన ఊళ్లో ఇలాంటి పని ఎవరైనా తలపెడితే మొట్టమొదట అడగవలసినవి ఈ రెండే.

జాలీ కేవలం అందానికేనా, ఉపయోగం ఉందా?

ఉంది. లోపలున్నది అద్దపు పెట్టె. అడ్డు లేకపోతే ఎండకు కాగిపోతుంది. పలకల్లో అల్లిక ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉండేలా రకరకాలుగా పోశారు. ఎండ ఎక్కువ పడేచోట ఎక్కువ అడ్డు, చూపు కావలసినచోట తక్కువ. కొన్నిచోట్ల జాలీని పూర్తిగా తెరిచి కిటికీలు వదిలారు. ఒకదాంట్లోంచి వాషింగ్టన్ స్తంభం, ఇంకొకదాంట్లోంచి వైట్ హౌస్ వైపు చూపు పోతుంది.

లోపలినుంచి ఎలా ఉంటుంది?

నాకు బయటికంటే లోపలే ఎక్కువ ఇష్టం.

చూసే వరుస ముందు చెప్పాలి. భవనంలో సగానికి పైగా భూమి లోపలే ఉంది. పెద్ద లిఫ్టులో కిందికి దించుతారు. దిగుతుంటే గోడ మీద సంవత్సరాలు వెనక్కి పోతుంటాయి, పదిహేనో శతాబ్దం దాకా. అక్కడ చీకటి, తక్కువ కప్పు, ఓడలు, సంకెళ్లు. అక్కడినుంచి నడుచుకుంటూ కాలంతోపాటు పైకి ఎక్కాలి. రెండు గంటలు, మూడు గంటలు పడుతుంది. మధ్యలో నీళ్లు పైనుంచి వలయంగా రాలే ఒక మౌన మందిరం ఉంది. అక్కడ కూర్చోకుండా పైకి రావద్దు.

ఆ తర్వాత ఎస్కలేటర్ మీద పై అంతస్తులకు వెళితే ఒక్కసారిగా అద్దం, అద్దం అవతల జాలీ. అంత దగ్గరగా తీగలు చూడటం ఇక్కడే సాధ్యం. ఎండ ఉంటే నేల మీద జాలీ నీడ పడుతుంది. మూడేళ్ల కిందట ఒక డిసెంబరు మధ్యాహ్నం మా మేనకోడలు ఆ నీడ మీద అడుగు వేయకుండా తప్పుకుంటూ, ముగ్గు తొక్కకూడదన్నట్టు నడిచింది. నేను ఆపలేదు. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

చీకటిపడ్డాక కథ తిరగబడుతుంది. లోపలి దీపాలు జాలీలోంచి బయటికి వస్తాయి. తోలుబొమ్మకు పొడిచిన చిల్లుల్లోంచి దీపం నగలై మెరుస్తుందే, అలా.

ఖర్చు ఎంతైంది?

మొత్తం భవనానికి 54 కోట్ల డాలర్లు. సగం ప్రభుత్వానిది, సగం విరాళాలు.

ఊరి సంస్కృతిని లోహపు జాలీలో చూపిన భవనాలు ఇంకెక్కడ ఉన్నాయి?

మూడు చెబుతాను. పారిస్‌లో అరబ్ ప్రపంచ సంస్థ, 1987లో తెరిచారు. దక్షిణపు గోడ మీద 240 చతురస్రపు పలకలు. ఒక్కోదానిలో కెమెరా కన్నులా తెరుచుకుని మూసుకునే రేకుల గుంపులు. అరబ్ ఇళ్ల చెక్క జాలీకి యంత్ర రూపం. అద్భుతమైన ఆలోచనే కానీ కదిలే భాగాలు ఎక్కువ కావడంతో చాలాకాలం మొరాయించాయి. కదిలే జాలీ పెట్టాలని ఎవరైనా ఉత్సాహపడితే ఈ అనుభవాన్ని ముందు చెప్పాలి.

న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ కేంద్ర గ్రంథాలయం, పేరు తూరంగ. 2011 భూకంపం తర్వాత పాత గ్రంథాలయం మూతపడితే, 2018లో ఇది వచ్చింది. బంగారు రంగు చిల్లుల అల్యూమినియం తెర. స్థానిక మావోరీ తెగ ప్రతినిధులు డిజైన్ దశనుంచే కలిసి కూర్చున్నారు, పేరు కూడా వారే ఇచ్చారు. తెర మడతల్లో అక్కడి ప్రజలు చాపలు, బుట్టలు అల్లుకునే నార మొక్క ఆకు కనబడుతుంది.

అబుదాబిలో లూవ్ర్ మ్యూజియం గోపురం ఎనిమిది పొరల ఉక్కు, అల్యూమినియం జాలీ, 180 మీటర్ల అడ్డం. ఖర్జూరపు మట్టల కప్పులోంచి జారే ఎండలా ఉండాలన్నది దాని ఊహ. అది గోడకన్నా కప్పు కనుక ఇక్కడితో ఆపుతాను.

మన ఆంధ్ర, తెలంగాణల్లో ఇలాంటిది చేయాలంటే ఏం తీసుకోవాలి?

ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా జవాబు కూడా తామే చెబుతారు: నెమలి, కలువ, చార్మినార్. ఆ మూడింటినీ రేకులో కోసి బస్టాండు ముందు బిగించడం తేలిక. ఊరికి అవి ఏమీ చెప్పవు. వాషింగ్టన్ జాలీ నాకు నేర్పింది ఏమిటంటే, ఊరి గుర్తుల కోసం వెతికేముందు ఊరి చేతిపని కోసం వెతకాలి. ఎవరి పని ఈ ఊరిని నిలబెట్టింది, ఎవరి పేరు రాయకుండా పోయింది?

అలా అడిగితే మనకు కొదవ లేదు. నిజామాబాదు ప్రాంతంలో కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం వచ్చి దిమ్మలు కొనుక్కుపోయారు. ఆ ఉక్కు కరిగించే మట్టి మూసలు కాల్చిన కమ్మరుల పేర్లు ఎవరు రాశారు? పెంబర్తిలో ఇత్తడి రేకును వెనకనుంచి కొట్టి బొమ్మ లేపే పనిమంతులు ఇప్పటికీ ఉన్నారు. కరీంనగర్‌లో సన్నని వెండి తీగను మెలిపెట్టి అల్లే పని అసలు జాలీయే, కొలతే చిన్నది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలు మీద చిల్లులు పొడిచి వెలుగుతో గీసే కళాకారులు ఉన్నారు. చిల్లుల లోహపు తెరకు అంతకంటే దగ్గరి చుట్టం ఏముంటుంది?

కానీ వారి బొమ్మను ఫోటో తీసి, ఎక్కడో దూరాన యంత్రానికి ఇచ్చి కోయిస్తే అది మళ్లీ పేరు లేని బిళ్లే. క్రైస్ట్‌చర్చ్‌లో చేసినట్టు మొదటి సమావేశంలోనే వారిని కూర్చోబెట్టాలి, రుసుము ఇవ్వాలి, భవనం గోడ మీద వారి పేర్లు చెక్కాలి. ఎంత చిక్కగా చిల్లులు పొడిస్తే వెలుగు ఎంత వస్తుందో నిమ్మలకుంట కళాకారుడికి తెలిసినంతగా మన ఇంజినీరింగ్ పట్టభద్రులకు తెలియదు.

పిల్లలకు ఎలా చెప్పాలి?

నేను బయటే మొదలుపెడతాను. "ఈ తీగల్లో నీకు నచ్చిన ఒక వంపును వేలితో గాలిలో గీయి" అంటాను. గీశాక, దాన్ని ఎర్రటి ఇనుముతో చేయాలంటే ఎంత కష్టమో చెబుతాను. చేసినవారికి కూలి దక్కలేదని ఆ తర్వాత చెబుతాను. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు ఇంకేమీ చెప్పకుండానే ప్రశ్నలు మొదలుపెడతారు. ఆరేడేళ్ల లోపు పిల్లలను కింది అంతస్తులన్నీ తిప్పాలనుకోవద్దు. కొన్ని దృశ్యాలు భయపెడతాయి.

టికెట్ ఎంత? ఎప్పుడు వెళ్లాలి?

ప్రవేశం ఉచితం. కాకపోతే సమయం నిర్ణయించిన పాసు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక బయల్దేరేముందు మ్యూజియం వెబ్‌సైటు చూడండి. డిసెంబరు 25న సెలవు. మెట్రోలో స్మిత్సోనియన్ స్టేషన్ గానీ ఫెడరల్ ట్రయాంగిల్ గానీ దిగితే కొద్దిపాటి నడక. పెద్దవారికి చక్రాల కుర్చీ ఇబ్బంది లేదు, లిఫ్టులు ఉన్నాయి. కింది క్యాంటీన్‌లో అమెరికా దక్షిణాది వంటలు దొరుకుతాయి. శాకాహారులు ముందే అడిగి తీసుకోవడం మంచిది.

జాలీని బాగా చూడాలంటే ఎక్కడ నిలబడాలి, ఏ వేళకు?

మధ్యాహ్నం పన్నెండుకు వెళితే అన్నీ ఒకే రంగు. సాయంత్రం, పొద్దు వాలడానికి ఓ గంట ముందు రండి. స్మారక స్తంభం ఉన్న గుట్టమీదినుంచి తూర్పుకు దిగుతూ చూడండి, మీ వెనకనుంచి ఎండ పడమటి ముఖం మీద పడుతుంది. పచ్చిక దాటి, 15వ వీధి దాటి, దగ్గరికి వచ్చేకొద్దీ ఒక్కో తీగ విడివడుతుంది. అన్నిటికంటే కింది వరుసలో మీకు నేరుగా పైనున్న పలకను ఒకదాన్ని ఎంచుకుని, దాని వంపు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కళ్లతో వెంబడించండి. మా పెద్దమ్మ అలా చూస్తూ చూస్తూ కుడిచేతి పిడికిలి బిగించి, కనబడని సుత్తిని రెండుసార్లు ఆడించింది.